నలుగురు కూడే చోట స్త్రీలకు చోటు

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



మొదట రెండు మనవులు. మా తెలుగు తల్లి ఒడిలో నేర్చింది కాదు. ఫిజీలో మా అవ్వతాతలతోనే ఇంట్లో తెలుగు వెళ్ళిపోయింది. మా నోట మిగిలింది ఫిజీ హిందీ. అరవై ఏళ్ళు దగ్గర పడ్డాక, మంగళవారం సాయంకాలపు తరగతిలో కూర్చుని అఆలు దిద్దుకున్నవాళ్ళం. కాబట్టి పొల్లులు దొర్లితే మన్నించాలి. రెండవ మనవి, ఈ ప్రసంగంలో మీరు “మేము” అనే మాటే వింటారు. మేము అంటే ఆ తరగతిలో కూర్చునే పదకొండు మందిమి. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి అరిగిన గొంతు కదా అని ఈ గొంతును ముందుకు తోశారు గాని, మాటలు అందరివీ.

కార్యక్రమ పత్రంలో మా అంశాన్ని “నగరాలలో బహిరంగ స్థలాలు, స్త్రీలు” అని అచ్చు వేశారు. పేరు పెద్దది. మా విషయం మాత్రం పోయిన ఉగాదినాటి ఒక వరుస దగ్గర మొదలవుతుంది. అద్దెకు తీసుకున్న ఆ హాలు మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల నాట్యానికి ముందు పదిహేను నిమిషాలు విరామం ఇచ్చారు. ఆడవారి బాత్‌రూము ముందు వరుస మొదలై, నడవా దాటి, కార్లు నిలిపే చోటికి వెళ్ళే తలుపుదాకా పోయింది. తెర లేచే వేళకు ఆ వరుసలో ఇరవై ఏడుగురు ఉన్నారు. మేమూ అందులోనే ఉన్నాం కాబట్టి లెక్క సరిగానే ఉంది. పక్కనే మగవారి తలుపు దగ్గర ఒక్కరూ లేరు. ఎనభై దాటిన ఒక పెద్దమ్మ ఆ వరుసకు భయపడి పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. ఇంకొక తల్లి లోపలికి తిరిగి వచ్చేసరికి కూతురి నాట్యం అయిపోయింది. వీడియో ఉంది కదా చూసుకోవచ్చు అన్నారు ఎవరో. చూసుకోవచ్చు. కానీ ఆ పిల్ల వేదిక మీది నుంచి అమ్మ కోసం వెతికిన చూపు కూడా ఆ వీడియోలో ఉంది.

ఇప్పుడు మన సంఘం సొంతంగా ఒక పాత గోదాము కొని సభాభవనం చేయబోతున్నది. సంతోషం. చిత్తుపటం కూడా గీశారు. అది ఇంకా నగర కార్యాలయానికి పోలేదు. దాన్ని గురించి మాట్లాడవలసిన సమయం ఇదే అని మాకు తోచింది.

పండుగ సభలో ఈ మాట ఎత్తవచ్చునా అని మాలో మేము మూడు వారాలు వాదించుకున్నాం. ఒక పెద్దాయన, మాకు అన్నగారి వరుస, “ఉగాది పచ్చడి తినే రోజున పాయిఖానా కబుర్లేమిటమ్మా” అన్నారు. ఆయన అన్నదీ సబబే. కానీ పచ్చడి తినే రోజునే నాలుగు వందల మంది ఒకచోట చేరతారు.

తరగతిలో “మరుగుదొడ్డి” అనే మాట వచ్చిన రోజు మాకు బాగా గుర్తు. మరుగు అంటే చాటు, దొడ్డి అంటే ఇంటి వెనకటి ఆవరణ అని మాస్టారు విడదీసి చెప్పారు. ఇంగ్లీషులో దీన్ని విశ్రాంతి గది అంటారు. అక్కడ విశ్రాంతి తీసుకున్నవాళ్ళను మేము ఇంతవరకు చూడలేదు. తెలుగు మాట ఉన్నదున్నట్లు చెబుతుంది. మొదట చాటు, తరువాతే దొడ్డి. ఆ చాటు లేకపోతే ఎలా ఉంటుందో మేము అవ్వ నోట విన్నాం.

పిల్లల కోసం కొంచెం చరిత్ర చెప్పాలి. 1879 నుంచి 1916 దాకా హిందూదేశం నుంచి సుమారు 60,000 మందిని అయిదేళ్ళ ఒప్పందం మీద ఫిజీ చెరకుతోటలకు ఓడలెక్కించారు. ఆ ఒప్పందాన్నే మనవాళ్ళు గిర్మిట్ అన్నారు. 1903లో ఎల్ఫిన్‌స్టన్ అనే ఓడతో మద్రాసు రేవు నుంచి దక్షిణాది వారిని పంపడం మొదలయింది. మన తెలుగువారు వచ్చింది ఆ మద్రాసు ఓడలలోనే. నూరు మంది మగవారికి నలభై మంది ఆడవారు ఉండాలని దొరతనం వారు నియమం పెట్టారు. అంత లెక్కగా మనుషులను ఎక్కించినవారు, ఆ మనుషులు ఉండే ఇళ్ళను గీసేటప్పుడు మాత్రం ఆ నలభై మందిని మరచిపోయారు.

ఆ ఇళ్ళనే లైన్లు అనేవారు. ఒక పొడుగాటి కొట్టం. వీపుకు వీపు ఆనించిన రెండు వరుసలు, వరుసకు ఎనిమిది గదులు. పాత లైన్లలో గది పొడవు పది అడుగులు, వెడల్పు ఏడు అడుగులు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్ళు, లేదంటే మొగుడూ పెళ్ళామూ ఇద్దరు పిల్లలూ. గదికీ గదికీ నడుమ వేసిన అడ్డం కప్పుదాకా పోయేది కాదు. పక్క గదిలో దగ్గితే ఈ గదిలో వినబడేది, మాట్లాడితే సరేసరి. ఆండ్రూస్, పియర్సన్ అనే ఇద్దరు వచ్చి చూసి 1916లో నివేదిక ప్రకటించారు. 1918లో ఆస్ట్రేలియా మహిళా సంఘాల తరఫున ఫ్లారెన్స్ గార్న్‌హాం అనే ఆవిడ వచ్చి, ముఖ్యంగా ఆడవారి స్థితి చూసి ఇంకొక నివేదిక రాసింది. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. అది జరగడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఆ లైన్లలో స్త్రీల బ్రతుకు గురించి హిందూదేశంలో పుట్టిన ఆగ్రహం వాటిలో పెద్దది.

మా అవ్వ నివేదికలు చదవలేదు. ఆమె చెప్పింది ఇంతే. ఇంకా చీకటి ఉండగానే నలుగురు ఆడవాళ్ళు కలిసి చెరకులోకి వెళ్ళేవారట. ఒకరు లోపలికి వెళ్తే ముగ్గురు కాపలా. సర్దారు ఎటు నుంచి వస్తాడో, ఓవర్సీరు గుర్రం ఎటు నుంచి వస్తుందో చూడటానికి. రాత్రి లేవవలసిన అవసరం పడకుండా సాయంకాలం నుంచి నీళ్ళు తాగేవారు కాదట. మా తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు, పోయిన ఉగాదికి నీళ్ళు ముట్టని ఆ పెద్దమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత బిగించింది.

గిర్మిట్ తీరి, కౌలుకు పది ఎకరాల చెరకు నేల దొరికినప్పుడు తాత ముందు ఎద్దులకు కొట్టం వేద్దామన్నాడట. అవ్వ ముందు మరుగు కట్టమన్నది. నాలుగు గుంజలు, కొబ్బరాకు తడికలు, ఒక చెక్క తలుపు. ఆ తలుపుకు గొళ్ళెం, అదీ లోపలివైపు. పట్నం నుంచి గొళ్ళెం తేవడానికి తాత ఒక పూట కూలి పోగొట్టుకున్నాడని మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు. మేమూ చిన్నప్పుడు నవ్వాం.

1987 మే 14న ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగింది. మా వంటి కుటుంబాలు వేలకొద్దీ దేశం విడిచాయి. కొందరు ఆస్ట్రేలియా, న్యూజిలాండు వెళ్తే, కొందరం ఇటు కాలిఫోర్నియాకు, హేవర్డుకు, మొడెస్టోకు, శాక్రమెంటోకు వచ్చాం. మేము మొదట దిగింది మొడెస్టోలో. అక్కడికి పదిహేను మైళ్ళ దూరంలో ఓక్‌డేల్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్ళో బట్టలుతికే దుకాణం నడిపే ఒక చీనా కుటుంబంలో 1922లో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమె పేరు మార్చ్ ఫాంగ్. ఈవిడ కథ ఇక్కడి పిల్లలు బడిలో చదువుకోవాలి. చదువుకోవడం లేదు కాబట్టి మేము చెబుతాం.

ఆ రోజుల్లో ఈ దేశంలో విమానాశ్రయాల్లో, బస్సు స్టేషన్లలో, పెద్ద దుకాణాల్లో బాత్‌రూము తలుపులకు నాణెం తాళాలు ఉండేవి. చిల్లర నాణెం వేస్తేనే తలుపు తెరుచుకునేది. 1970 నాటికి అటువంటివి దేశమంతటా 50,000 పైగా ఉన్నాయంటారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. మగవారు నిలబడి వాడుకునే తొట్టికి తలుపు లేదు. తలుపు లేదు కాబట్టి తాళం లేదు. తాళం లేదు కాబట్టి రుసుమూ లేదు. ఆడదానికి మాత్రం ప్రతిసారీ తలుపు కావలసిందే, ప్రతిసారీ నాణెం వేయవలసిందే. ఆడవారి దగ్గర డబ్బు వసూలు చేయాలని ఎవరూ కూర్చుని కుట్ర పన్నలేదు. తాళం అమ్మినవాడు తలుపు ఎక్కడ ఉంటే అక్కడ బిగించాడు. అంతే.

మార్చ్ ఫాంగ్ దంతవైద్య శాఖలో పనిచేసి, విద్యలో డాక్టరేటు పట్టం పుచ్చుకుని, 1966లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయింది. నాణెం తాళాలు నిషేధించాలని బిల్లు తెచ్చింది. అది ముందుకు కదలలేదు. 1969 ఏప్రిల్ 26న శాక్రమెంటోలో శాసనసభ మెట్ల మీద, గొలుసులు చుట్టిన ఒక పింగాణీ తొట్టిని సుత్తితో బద్దలు కొట్టింది. నవ్వేవారు నవ్వారు. 1974లో ప్రభుత్వ భవనాల్లో నాణెం తాళాలు నిషేధిస్తూ చట్టం వచ్చింది. గవర్నరు రొనాల్డ్ రేగన్ సంతకం పెట్టారు. ఆ ఏడాదే ఆమె రాష్ట్ర కార్యదర్శిగా ఎన్నికై, 1994 దాకా ఆ పదవిలో ఉంది. తరువాత రాయబారిగా మైక్రోనేసియా దీవులకు వెళ్ళింది. అదీ మా పసిఫిక్ సముద్రమే కదా అని మాకు కొంచెం గర్వం. 2017లో తొంభై అయిదేళ్ళ వయసులో చనిపోయింది.

ఈ కథలో అంత సంతోషంగా లేని భాగం కూడా ఒకటి ఉంది. అటు ఒహాయోలో 1970లో కొందరు విద్యార్థులు ఇదే విషయం మీద సంఘం పెట్టారు, 1973లో షికాగో నగరం నాణెం తాళాలు నిషేధించింది, చాలా రాష్ట్రాలు ఆ దారే పట్టాయి. తాళాలు పోయాయి. తాళాలతోపాటు చాలాచోట్ల గదులు కూడా పోయాయి. నాణేలు రాకపోతే ఊడ్చేదెవరు, బాగుచేసేదెవరు అని యజమానులు మూసేశారు. నగరాలు వాటి బదులు కొత్తవి కట్టలేదు. ఈనాడు శాక్రమెంటో నడిబొడ్డున మనవడిని చెయ్యి పట్టుకుని తిప్పే నాయనమ్మ కాఫీ అంగడిలో అక్కరలేని కాఫీ కొని, గల్లా దగ్గర తలుపు సంకేతం అడిగి తెలుసుకోవలసి వస్తున్నది. పది సెంట్ల నాణెమే చవక అనిపిస్తుంది. మార్చ్ ఫాంగ్ కొట్టింది తప్పని మేము అనడం లేదు. ఆమె బద్దలు కొట్టినది తిరిగి కట్టే పని ఎవరూ పెట్టుకోలేదు అంటున్నాం.

మేము ఫిజీ విడిచిన ఆ 1987లోనే కాలిఫోర్నియాలో ఇంకొక చట్టం వచ్చింది. ఆర్ట్ టోరెస్ అనే రాష్ట్ర సెనేటరు ఒక రాత్రి కుటుంబంతో చైకోవ్‌స్కీ సంగీత కచేరీకి వెళ్ళాడు. భార్య, కూతురు ఆడవారి వరుసలో ఇరుక్కుపోయారు. ఆయన బయట నిలబడి ఎదురుచూశాడు. ఎదురుచూస్తూ ఆలోచించాడు కాబోలు, జనం చేరే భవనాల్లో స్త్రీలకు సరిపడా బాత్‌రూములు ఉండాలని బిల్లు పెట్టాడు, అది చట్టమయింది. తరువాత ఇతర రాష్ట్రాలూ అటువంటివి తెచ్చాయి. న్యూయార్కు నగరంలో 2005 చట్టం ప్రకారం కొత్తగా కట్టే నాటకశాలలు, క్రీడాశాలల వంటి చోట్ల మగవారికి ఒకటి ఉంటే ఆడవారికి రెండు ఉండాలి. 1990లో హూస్టన్‌లో ఒక సంగీత సభలో వరుస భరించలేక మగవారి వైపు వెళ్ళిన ఒక ఆవిడ మీద కేసే పెట్టారు. జూరీ ఆమె నేరం చేయలేదని తేల్చింది.

రెండు రెట్లు ఎందుకు, సమానం చాలదా అని మన సంఘంలోనూ అడిగారు. మంచి ప్రశ్న, లెక్కల మాస్టార్లు అడగవలసిన ప్రశ్న. రెండు వైపులా ఒకే వైశాల్యం ఇచ్చారనుకోండి. మగవారి వైపు నిలబడే తొట్లు పక్కపక్కన ఇరుకుగా పడతాయి, ఆడవారి వైపు ప్రతిదానికీ గోడలూ తలుపూ కావాలి. కాబట్టి అంతే చోటులో తక్కువ మంది పడతారు. పైగా ఒక్కొక్కరికి పట్టే సమయం దాదాపు రెట్టింపు. బట్టలు, నెలసరి, కడుపుతో ఉండటం, వెంట చంటిపిల్ల, చెయ్యి పట్టుకున్న అత్తగారు, ఇవన్నీ ఆ గదిలోకే వస్తాయి. ఇక పట్టుచీర కట్టుకుని ముప్ఫై అంగుళాల వెడల్పు గదిలోకి వెళ్ళిన అనుభవం చిత్తుపటం గీసినవారిలో ఎవరికీ ఉన్నట్లు లేదు. చేతిసంచి తగిలించడానికి కొక్కెం లేదు, పెట్టడానికి అరుగు లేదు, కింద నేల తడి. కుచ్చిళ్ళు ఒక చేత, సంచి ఒక చేత, గొళ్ళెం వేయడానికి మూడో చెయ్యి కావాలి.

ఈ సమస్య బీదవాళ్ళదో, పల్లెటూళ్ళదో అనుకోకండి. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభకు మొదటి స్త్రీ జెన్నెట్ రాంకిన్ 1917లో వచ్చింది. ఆ సభామందిరం పక్కన స్త్రీ సభ్యులకు బాత్‌రూము 2011లో వచ్చింది. మధ్యలో తొంభై నాలుగేళ్ళు, ఓటు వేయడానికి గంట మోగితే, వారు దూరపు గది నుంచి పరుగెత్తుకు రావలసి వచ్చింది.

ఇంకొక మాట చెప్పకపోతే తప్పవుతుంది. దక్షిణాది రాష్ట్రాలలో 1964 పౌరహక్కుల చట్టానికి ముందు చాలా బస్సు స్టేషన్లలో మూడు తలుపులు ఉండేవి: తెల్ల మగవారికి ఒకటి, తెల్ల ఆడవారికి ఒకటి, నల్లవారందరికీ కలిపి ఒకటి. అంటే నల్ల స్త్రీని స్త్రీగానే లెక్క వేయలేదు. మన లైన్ల కథ తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

బాత్‌రూములతోనే ఆగిపోకూడదని తరగతిలో కొందరు పట్టుబట్టారు కాబట్టి బడి ఆవరణ గురించి కొంచెం. ముప్ఫై ఏళ్ళు విరామంలో మైదానం కాపలా కాశాం. నడుమ అంతా బంతితో మగపిల్లలు. ఆడపిల్లలు గోడవార. వారికి ఆటల మీద ఇష్టం లేదనుకున్నాం. ఆస్ట్రియా దేశంలో వియన్నా నగరంవారు 1990లలో దీన్ని లెక్కగట్టి చూశారు. తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతున్నది. అప్పుడు రెండు పార్కులను మళ్ళీ గీయించారు. ఒకే పెద్ద బంతి ఆట పంజరాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు, దారులు, కూర్చునే చోట్లు పెంచారు, వాలీబాల్, బాడ్మింటన్ ఆడే జాగాలు పెట్టారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. ఇది చదివినప్పుడు మాకు కొంత సిగ్గు వేసింది. ఇంకొక సిగ్గు కూడా ఉంది, అది ఎవరి మీదా వేయలేం. తరగతి మధ్యలో బాత్‌రూముకు వెళ్తామన్న పిల్లలకు వారానికి ఇన్ని చీట్లు అని లెక్క పెట్టినవాళ్ళం మేమే. పన్నెండేళ్ళ ఆడపిల్ల రెండోసారి చెయ్యెత్తితే “ఇందాకే వెళ్ళావు కదా” అన్నవాళ్ళం మేమే. అందరూ వినేటట్లు అన్నాం.

లాస్ ఏంజిలిస్ సంగతి కూడా చెప్పి తీరాలి. ఆ నగరంలో బస్సులు ఎక్కేవారిలో సగానికి పైగా ఆడవారే అని 2019లో రవాణా సంస్థవారే ప్రకటించారు. 2023లో స్త్రీల కోసమని బస్సు ఆగే చోట స్తంభానికి రంధ్రాల రేకు ఒకటి బిగించి, పగలు నీడ, రాత్రి చిన్న దీపం అన్నారు. దానికి లా సోంబ్రీటా అని పేరు. నీడ ఒకరిద్దరి మీద పడితే గొప్ప. దేశమంతా నవ్వింది. ఆ రేకును చూసి మేమూ నవ్వాం. కానీ కాలిబాట మీద ఒక చెట్టు, ఒక బెంచీ, ఒక కప్పు వేయడానికి ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరగాలో తెలిసినప్పుడు, ఆ రేకు బిగించినవారి మీద కోపం పోయింది.

తెలుగునాట ఎలా ఉందని అడుగుతారు. 2019లో మాలో నలుగురు అవ్వ పుట్టిన ఊరు చూద్దామని నెల్లూరు జిల్లాకు వెళ్ళారు. దారిలో ఒక బస్సుస్టాండులో ఆడవారి గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి టీ కొట్టు అబ్బాయి దగ్గర ఉంది. అతను మంచివాడే, అమ్మా అని పిలిచి ఇచ్చాడు. కానీ అక్కడ టీ తాగుతున్న పన్నెండు మంది ముందు ఆ చెవి అడగాలి. అప్పటినుంచి మార్పులు వచ్చాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణాలోనూ, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేకుండా ప్రయాణం ఇచ్చారు. అది చిన్న విషయం కాదు. ఊరు దాటని ఆడవారు ఊరు దాటుతారు. దాటినవారు దిగేది బస్సుస్టాండులోనే కదా, అక్కడ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా చూడాలి.

ఇక మన పటం. భవన సంఘంవారు దీని మీద ఎంతో కష్టపడ్డారు, ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో గీశారు. వారిని తప్పు పట్టడానికి మేము రాలేదు. పటంలో మగవారి వైపు రెండు గదులు, మూడు తొట్లు. ఆడవారి వైపు మూడు గదులు. వైశాల్యం రెండింటికీ సమానం. నగరంవారు చట్టం చూపి కొన్ని పెంచమంటారేమో. చట్టం చెప్పేది కనీసం, మన పండుగకు వచ్చే జనం కనీసం కాదు. ఆడవారి వైపు ఎనిమిది కావాలని, అందులో రెండు చీర కట్టినవారు తిరగగలిగేంత వెడల్పు ఉండాలని మా మనవి. కొక్కేలు, అరుగు, పొడి నేల. నడవాలో పెద్దవారు కూర్చునేందుకు బెంచీ. చంటిపిల్లల బట్టలు మార్చే బల్ల రెండు వైపులా. కాలిఫోర్నియాలో 2017లో చట్టం కూడా చేశారు, మగవారి వైపూ ఉండాలని. మన అబ్బాయిలు బిడ్డల పనులు మన కాలంవారికన్నా బాగా చేస్తున్నారు, వారికి బల్ల లేక కారు వెనక సీటులో చేసుకుంటున్నారు.

వంటగది వెనక మూలలో ఉంది. అక్కడి నుంచి వేదిక కనబడదు. పులిహోర కలిపేవారికి పాట వినబడితే చాలదు. వడ్డించే కిటికీ వేదిక వైపు ఉన్న గోడలో పెడితే ఖర్చు పెరగదని మాలో ఒకరి అల్లుడు, కట్టడాల పని తెలిసినవాడు, చెప్పాడు. కార్లు నిలిపే చోట రెండు దీపాలు ముందు వైపే ఉన్నాయి. సభ అయ్యాక గిన్నెలు కడిగి చివరగా వెళ్ళేవారు వెనక తలుపు నుంచి వెళ్తారు.

ఖర్చు మాట. ముఖద్వారానికి అనుకున్న రాతి తోరణం ఒక ఏడాది ఆగవచ్చునని మా అభిప్రాయం. తోరణానికి దాతలు ముందే దొరికారు, పేరు రాతి మీద పడుతుంది. మరుగుదొడ్డికి దాత దొరకడు. అది మాకు అర్థమయింది. అందుచేత మా తరగతి పదకొండు మందీ చందా వేసుకున్నాం. మూడు గదుల ఖర్చు మేము ఇస్తాం. తలుపుల మీద మా అవ్వల పేర్లు రాయించుకోవడానికి మాకేమీ సిగ్గు లేదు. గొళ్ళేలు మేమే కొంటాం.

పటం నకలు ఒకటి భోజనాల బల్ల పక్క గోడకు అంటించాం. పెన్సిలు దారంతో కట్టి ఉంది. సంఘ సభ్యుల సమావేశం వచ్చే నెలలో, ఈలోగా ఎవరు ఏమి తోస్తే అది దాని మీద గీయవచ్చు. మగవారు కూడా గీయవచ్చు. పిల్లలు మాత్రం ఏనుగులు గీయకండి.